హతసాక్షి కాని సాక్షి: విలియం లిత్‌గో యాత్రాగ్రంథం – ఒక విమర్శనాత్మక పరిశీలన

1. పరిచయం

ఫాక్స్ హతసాక్షుల గ్రంథం పేరుతో నేడు దొరుకుతున్న అనేక ఇంగ్లీషు ప్రతులలో విలియం లిత్‌గో అనే స్కాట్లండు దేశస్థుని శ్రమలను గూర్చిన భాగం ఒకటి కనబడుతుంది. స్పెయిన్ దేశపు మలగా పట్టణంలో అతడు పొందిన చిత్రహింసలు అందులో వివరంగా ఉన్నాయి. మన దైవసేవకులలో చాలామంది ఈ గ్రంథాన్ని చదివినవారే. అందులోని ఉదంతాలు మన ప్రసంగాలలో ఉదాహరణలుగా వినబడుతూనే ఉంటాయి.

అయితే రెండు విషయాలు గమనించాలి. జాన్ ఫాక్స్ 1587లో మరణించాడు. అప్పటికి లిత్‌గో సుమారు అయిదేళ్ల బాలుడు. కనుక ఈ భాగం ఫాక్స్ రాసినది కాదు. తరువాతి కాలపు సంకలనకర్తలు చేర్చినది. రెండవది, లిత్‌గో హతుడు కాలేదు. చెర నుండి విడుదలై రెండు దశాబ్దాలకు పైగా జీవించి, తన కథను తానే పుస్తకంగా అచ్చు వేయించాడు. హతసాక్షుల వరుసలో నిలబెట్టబడిన ఈ మనిషి నిజానికి ఒక యాత్రికుడు, రచయిత.

సంకలనంలోని కొద్ది పేజీలకూ, లిత్‌గో రాసిన పెద్ద గ్రంథానికీ నడుమ ఉన్న దూరాన్ని కొలవడమే ఈ వ్యాసం ఉద్దేశం. ఆ దూరంలో మనం పోగొట్టుకున్నది చిన్న విషయం కాదని నా అభిప్రాయం. లిత్‌గో పరజనుల మీద ఇచ్చిన తీర్పులను అతని అనుభవాలే ఖండిస్తున్నాయి. సంక్షిప్త కథనం తీర్పును నిలుపుకొని, ఖండనను నేపథ్యంలోకి నెట్టివేసింది.

2. జీవిత రేఖలు

లిత్‌గో సుమారు 1582లో స్కాట్లండులోని లానార్క్ పట్టణంలో జన్మించాడు. అతనికి 'చెవులు లేని విల్' అనే ఎగతాళి పేరు ఉండేది. ఒక యువతిని ప్రేమించినందుకు ఆమె అన్నదమ్ములు అతని చెవులు కోశారని, ఆ అవమానం భరించలేకే దేశం విడిచాడని ఒక కథ ప్రచారంలో ఉంది. కారణం ఏదైనా, అతడు యౌవనంలోనే ఇల్లు విడిచి తిరగడం మొదలుపెట్టాడు.

అతని ప్రయాణాలు మూడు విడతలు. మొదటిది 1609లో పారిస్ నుండి ఆరంభమైంది. రోము, లొరెటో, వెనిస్, గ్రీకు ద్వీపాలు, కాన్‌స్టాంటినోపుల్, అలెప్పో మీదుగా 1612లో మట్టల ఆదివారం నాటికి యెరూషలేము చేరాడు. అక్కడ నుండి ఐగుప్తుకు వెళ్ళి తిరిగి వచ్చాడు. రెండవ విడతలో ఉత్తర ఆఫ్రికాలోని ట్యునిస్, అల్జీర్స్, ఫెజ్ పట్టణాలను, ఆ తరువాత తూర్పు ఐరోపా దేశాలను చూశాడు. 1619లో మూడవ యాత్ర మొదలైంది. ఐర్లండు, ఫ్రాన్సు, స్పెయిన్ మీదుగా ఇతియోపియాకు వెళ్ళాలని అతని సంకల్పం. అక్కడ ప్రెస్టర్ జాన్ అనే క్రైస్తవ చక్రవర్తి ఉన్నాడని ఆనాటి ఐరోపావారి నమ్మకం. కాని మలగా దగ్గరే యాత్ర ఆగిపోయింది.

మొదటి యాత్రను గూర్చిన అతని పుస్తకం 1614లో వెలువడింది. మూడు యాత్రలనూ కలిపిన సమగ్ర గ్రంథం 1632లో అచ్చయింది. పందొమ్మిది సంవత్సరాల సంచారమని పుస్తకం పేరులోనే చెప్పుకున్నాడు. 36,000 మైళ్ళకు పైగా తిరిగానని లెక్క చెప్పాడు. సముద్రం దాటవలసి వచ్చిన చోట్ల మినహా ఎక్కువ భాగం కాలినడకనే.

3. నడిచినవాని గ్రంథం

ఆ నడక ఈ గ్రంథానికి ప్రాణం. మన తెలుగులో యాత్రాసాహిత్యం అనగానే గుర్తుకు వచ్చేది ఏనుగుల వీరాస్వామయ్య 'కాశీయాత్ర చరిత్ర'. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా పనిచేసిన వీరాస్వామయ్య 1830 మే 18న బయలుదేరి 1831 సెప్టెంబరు 3న తిరిగి మద్రాసు చేరాడు. కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్ళె ఆ రచనను 1838లో అచ్చు వేయించాడు. దిగవల్లి వేంకట శివరావు 1941లో దానిని పరిష్కరించి మళ్ళీ ప్రకటించాడు. మజిలీకీ మజిలీకీ దూరమెంత, నీళ్ళు దొరుకుతాయా, సామాన్లు దొరుకుతాయా, దారి ఇసుకా రాయా అని వీరాస్వామయ్య రాసిపెడతాడు. తన వెనుక వచ్చే యాత్రికునికి పనికిరావాలన్నది అతని తపన. అతడు పల్లకీలో, పెద్ద పరివారంతో ప్రయాణం చేశాడు. మోసే బోయీలు ఉండగా కూర్చున్నవానికి చుట్టూ చూసే తీరిక దొరుకుతుంది.

లిత్‌గోకు ఆ తీరిక లేదు. అతని పేజీలలో ఆకలి, దాహం, దొంగలు, జ్వరం ముందుకు వస్తాయి. ఊరి వర్ణన మధ్యలో తన కాళ్ళ నొప్పి వచ్చి కూర్చుంటుంది. వీరాస్వామయ్య పుస్తకంలో దేశం కనబడితే, లిత్‌గో పుస్తకంలో దేశం మీద నడిచిన శరీరం కనబడుతుంది. అందుచేత అతని వాక్యంలో అతిశయోక్తి ఉన్నా, ఆడంబరపు పదాల బరువు ఉన్నా, పాఠకుడు నమ్ముతాడు. నొప్పిని ఇంత దగ్గరగా చెప్పేవాడు అబద్ధం ఆడుతున్నాడని అనిపించదు.

ఇక్కడే జాగ్రత్త అవసరం. శరీరం మోసిన బాధ ఒక సాక్ష్యం. ఆ బాధను ఆధారం చేసుకొని మనిషి చేసే తీర్పు వేరొక సంగతి. మొదటిదానిని నమ్మడం చేత రెండవదానిని కూడా పరీక్షించకుండా నమ్మేస్తాము. లిత్‌గో పాఠకులు నాలుగు వందల సంవత్సరాలుగా చేస్తున్నది ఎక్కువగా ఇదే.

4. తీర్పులు, వాటి వెనుక ఉన్న ఉపకారాలు

లిత్‌గో తన కాలపు ప్రొటెస్టెంటు. రోమన్ కతోలికుల ఆచారాలను విగ్రహారాధనగా దూషిస్తాడు. దేవదూతలు మోసుకొని వచ్చారని చెప్పే లొరెటోలోని పరిశుద్ధ గృహాన్ని హేళన చేస్తాడు. తురుష్కులను, యూదులను, ఐరిష్ ప్రజలను గూర్చి అతడు వాడిన మాటలు చాలాచోట్ల క్రూరమైనవి. వీటిని 'ఆ కాలం అలాంటిది' అని దాటివేయడం విమర్శకునికి తగదు. అతని పుస్తకంలోనే వీటికి సమాధానం ఉన్నది గనుక దాటివేయనవసరం కూడా లేదు.

రోములో మతవిచారణ అధికారులు తనను వెదకుతున్నారని భయపడి అతడు మూడు రోజులు దాక్కున్నాడు. ఎక్కడ? దేశం విడిచి వచ్చిన ఐరిష్ ప్రభువు, కతోలికుడైన టైరోన్ ఎర్ల్ భవనంపై అంతస్తులో. ఆ ప్రభువు ఇంట కొలువున్న ఒక స్కాట్లండువాడు అతనిని అక్కడ దాచాడు. యెరూషలేములో అతనికి బస, భోజనం పెట్టినవారు ఫ్రాన్సిస్కన్ సన్యాసులు. పరిశుద్ధ స్థలాలను వెంటబెట్టుకొని చూపించినవారూ వారే. సిరియా దారిలో అతనికి తోడుగా నడిచినవారు అర్మేనియా యాత్రికులు. ఒక్కడే నడిచినట్లు కనబడే ఈ మనిషి ప్రతి మజిలీలోనూ తాను నిందించినవారి అన్నం తిన్నాడు.

పచ్చబొట్టు సంగతి కూడా చూడాలి. యాత్రాస్థలాల మహిమలను ఎగతాళి చేసిన ఇతడే యెరూషలేములో ఇతర యాత్రికుల వలె తన చేతి మీద యెరూషలేము సిలువను పొడిపించుకున్నాడు. దానితో పాటు తన రాజైన జేమ్స్ కిరీటాన్ని, ఆ రాజుకు జయం పలికే మాటలను కూడా వేయించుకున్నాడు. యొర్దాను నదీతీరాన కోసిన కర్రను తెచ్చి రాజుకు కానుకగా ఇచ్చాడు. కతోలిక యాత్రికుడు పరిశుద్ధ వస్తువును ఇంటికి తెచ్చుకుంటే అది మూఢభక్తి. తాను కర్ర తెస్తే అది జ్ఞాపిక. ఈ తేడాను లిత్‌గో ఎక్కడా వివరించడు. సంస్కరణ వేదాంతం అతని తలలో ఉంది, యాత్రికుని భక్తి అతని కాళ్ళలో ఉంది. ఆ రెండింటికీ అతడు ఎన్నడూ పొత్తు కుదర్చలేదు.

5. మలగా: కథలో విడిచిపెట్టబడినది

1620 అక్టోబరులో లిత్‌గో మలగాలో ఉండగా, అల్జీర్స్ సముద్రపు దొంగల మీదికి వెళ్తున్న ఇంగ్లీషు నౌకాదళం ఆ రేవుకు వచ్చింది. అతడు ఓడలోకి వెళ్ళి తన దేశస్థులను కలిసి వచ్చాడు. తరువాత అతనిని వీధిలో పట్టుకొని గవర్నరు ఎదుటికి తీసుకుపోయారు. ఆరోపణ గూఢచర్యం. నౌకాదళం రహస్యాలు చెప్పమని అతనిని సాగదీసే యంత్రానికి కట్టి హింసించారు. గూఢచారి అని రుజువు చేయలేకపోయిన తరువాత, అతని పుస్తకంలోని కతోలిక వ్యతిరేక వ్రాతలను అనువాదం చేయించి మతవిచారణకు అప్పగించారు. మతం మార్చుకుంటే విడిచిపెడతామన్నారు. అతడు ఒప్పుకోలేదు. చేతి మీది రాజు పేరును మాంసంతో సహా చీల్చివేయించారని అతడు రాశాడు.

ఈ క్రమం ముఖ్యమైనది. ఆరంభం రాజకీయం, ముగింపు మతం. సంక్షిప్త కథనంలో రాజకీయ భాగం ఉన్నా, హతసాక్షుల వరుసలో పెట్టడం చేతనే పాఠకుని దృష్టి మొత్తం మతం మీదికి మళ్ళుతుంది. లిత్‌గో స్థైర్యాన్ని తగ్గించడానికి ఈ మాట చెప్పడం లేదు. మరణం కళ్ళెదుట ఉండగా విశ్వాసాన్ని వదలని మనిషి గౌరవార్హుడే. కాని ఎవరు, ఎందుకు హింసించారన్నది సరిగా చెప్పకపోతే మనం ఆ హింస నుండి నేర్చుకునే పాఠం తప్పుతుంది. రాజ్యం తన భయానికి మతాన్ని ఆయుధంగా వాడుకున్న ఉదంతం ఇది. ఒక మతస్థులందరూ క్రూరులని చెప్పే ఉదంతంగా దీనిని మార్చడం సరికాదు.

చెరలో లిత్‌గోను బ్రతికించినది ఎవరు? గవర్నరు ఇంటిలోని ఒక తురుష్క బానిస. ఖైదీ మీదికి పురుగులను ఊడ్చమని ఆజ్ఞ పొందినవాడు అతడే. అతడు జాలిపడి, ఎవరూ చూడకుండా ద్రాక్షపండ్లు, అత్తిపండ్లు తెచ్చి పెట్టాడు. అతడు జబ్బుపడినప్పుడు మరో నల్లజాతి బానిస ఆ పని కొనసాగించింది. బయటికి వార్త పోయిన దారి కూడా విచిత్రమైనదే. గవర్నరు విందులో యజమాని వెనుక నిలబడిన ఫ్లాండర్స్ దేశపు సేవకుడొకడు ఈ ఖైదీ మాట విని, ఆ రాత్రి నిద్రపట్టక, మరునాడు ఇంగ్లీషు వర్తక ప్రతినిధికి చెప్పాడు. ఆ విధంగా 1621 ఈస్టరు దినాలలో సర్ రాబర్ట్ మాన్సెల్ నౌకాదళం అక్కడ ఉండగా లిత్‌గో విడుదలయ్యాడు.

ఇద్దరు బానిసలు, ఒక సేవకుడు. ఒకరు లిత్‌గో దూషించిన మతానికి చెందినవాడు. మరొకరికి ఆ ఇంట ఏ అధికారమూ లేదు. మూడవవానికి ఈ ఖైదీ ముఖమైనా తెలియదు. వీరు లేకపోతే లిత్‌గో గ్రంథం ఉండేది కాదు. మంచి సమరయుని ఉపమానాన్ని (లూకా 10) వేలసార్లు ప్రసంగించిన సంఘాలు, ఈ ఉదంతాన్ని చెప్పేటప్పుడు యాజకులను గుర్తుపెట్టుకొని సమరయుని మరచిపోవడం ఆశ్చర్యకరం. సంక్షిప్త కథనంలో కూడా ఆ బానిసల ప్రస్తావన ఉన్నది. అది ఉన్నా మన ప్రసంగాలలోకి రాదు. యంత్రం మాత్రమే వస్తుంది.

లిత్‌గో బాధ్యత కూడా తక్కువేమీ కాదు. 1632 నాటి గ్రంథం మలగా అనుభవం తరువాత పదేళ్ళకు పైగా గడిచాక అచ్చయింది. తురుష్కులను గూర్చిన తన పాత కఠిన వాక్యాలను సవరించుకోవడానికి అతనికి సమయమూ, కారణమూ రెండూ ఉన్నాయి. అతడు ఆ బానిస చేసిన మేలును నిజాయితీగా నమోదు చేశాడు. కాని ఆ మేలు తన తీర్పులను తాకనివ్వలేదు. ఒకే పుస్తకంలో ఆ రెండూ పక్కపక్కనే, ఒకదానితో ఒకటి మాట్లాడకుండా ఉన్నాయి. రచయితగా అతని గొప్ప లోపం ఇదే. సాక్షిగా అతని గొప్పతనం కూడా ఇందులోనే ఉంది: తన తీర్పుకు విరుద్ధమైన సంగతిని అతడు దాచలేదు.

6. రాజు వాకిట

విడుదల తరువాత లిత్‌గోను పరుపు మీద మోసుకొని జేమ్స్ రాజు సముఖానికి తీసుకుపోయారు. అతని విరిగిన శరీరాన్ని రాజు, సభవారు చూశారు. చికిత్స కొరకు బాత్ పట్టణానికి పంపారు. ఎడమ చేయి పూర్తిగా స్వాధీనంలోకి రాలేదు. పోయిన సొమ్ము తిరిగి ఇప్పిస్తానని స్పెయిన్ రాయబారి గొండమార్ మాట ఇచ్చాడు; ఇవ్వలేదు. ఆ దినాలలో జేమ్స్ తన కుమారుడైన చార్లెస్‌కు స్పెయిన్ రాకుమార్తెతో వివాహం కుదర్చాలని చూస్తున్నాడు. ఆ సమయంలో ఒక యాత్రికుని గాయాలు సభకు ఇబ్బంది. లిత్‌గో రాయబారితో కలహపడి, చివరికి తానే లండనులోని మార్షల్సీ చెరసాల పాలయ్యాడు.

స్పెయిన్ చెరలో ఎవరి పేరు కొరకు చేతి మాంసం పోగొట్టుకున్నాడో, ఆ రాజు రాజ్యంలోనే అతడు ఖైదీ అయ్యాడు. సంక్షిప్త కథనం చదివి ప్రసంగించేవారు సాధారణంగా విడుదలతో ఆపేస్తారు. మార్షల్సీ వరకు వెళితే ప్రొటెస్టెంటు రాజ్యం మంచిది, కతోలిక రాజ్యం చెడ్డది అన్న సులభమైన లెక్క నిలువదు. సాక్షి తమకు ఉపయోగపడినంత వరకే రాజ్యాలు అతని గాయాలను చూస్తాయి.

7. మన ప్రాంతపు పాఠకునికి

నర్సీపట్నం పరిసరాలలో ఉన్న పాఠకునికి ఈ రెండు విధాల చదువు కొత్తది కాదు. నర్సీపట్నం నుండి లంబసింగి మీదుగా చింతపల్లికి ఎక్కే ఘాటు రోడ్డు చరిత్ర మనకు తెలుసు. మన్యం రోడ్డు పనులలో గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ గిరిజన కూలీలకు సరైన కూలి ఇవ్వకుండా పని చేయించుకున్నాడు. 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు దళం చింతపల్లి పోలీసు ఠాణా మీద దాడి చేసింది. 1924 వరకు నడిచిన ఆ పోరాటాన్ని ప్రభుత్వ కాగితాలు 'ఫితూరీ' అన్నాయి. ఆ మాట తీర్పు. కాని తిరుగుబాటుకు కారణమైన కూలి బాకీలు, వెట్టి, అడవి ఆంక్షలు కూడా ఆనాటి కాగితాలలోనే బయటపడతాయి. తీర్పును పక్కన పెట్టి సంగతులను తీసుకోవడం మన చరిత్రకారులు ఆ కాగితాల మీద నేర్చుకున్న పద్ధతి.

లిత్‌గో గ్రంథానికి కావలసినదీ అదే పద్ధతి. మిషనరీ యాత్రావృత్తాంతాలకు, సంఘ చరిత్రలకు, మన సొంత సాక్ష్యాల కూటాలలో వినబడే కథలకు కూడా ఇది వర్తిస్తుంది. గుడి, మసీదు, చర్చి ఒకే వీధిలో ఉండే ఊళ్ళలో మనం జీవిస్తున్నాము. హింస పొందిన విశ్వాసి తన బాధను చెప్పినప్పుడు దానిని సంపూర్తిగా వినాలి. ఆ బాధలో అతనికి మంచినీళ్ళు ఇచ్చిన పొరుగువారు ఎవరో కూడా అడగాలి. ఆ పొరుగువాని మతం ఏదైనా సరే, ఆ పేరును సాక్ష్యంలో నుండి తీసివేస్తే సాక్ష్యం సగమవుతుంది. సగం సాక్ష్యం విన్న సంఘం పొరుగువారిని చూసి భయపడడం నేర్చుకుంటుంది.

8. ముగింపు

విలియం లిత్‌గో గొప్ప వేదాంతి కాదు, గొప్ప శైలీకారుడూ కాదు. మొండి పట్టుదల, కోపం, కాళ్ళ బలం ఉన్న మనిషి. క్రీటు ద్వీపంలో ఓడ బానిసగా ఉన్న ఒక ఫ్రెంచి ప్రొటెస్టెంటును స్త్రీ వేషం వేయించి తప్పించినంత ధైర్యం ఉన్నవాడు. తన విశ్వాసికి చేసిన ఆ ఉపకారాన్ని గర్వంగా చెప్పుకున్న అతడు, మలగాలో అన్యుని చేత అదే ఉపకారం పొందాడు. ఆ రెండు సంఘటనలను పక్కపక్కన పెట్టి చదివే పని అతడు చేయలేదు. అది పాఠకునికి మిగిలింది.

కనుక సంఘ చరిత్ర బోధించేవారు లిత్‌గోను హతసాక్షుల సంకలనంలో నుండి కాక అతని 1632 గ్రంథంలో నుండి పరిచయం చేయడం మేలు. రోములో అతనిని దాచిన ఇల్లు, యెరూషలేములో అన్నం పెట్టిన మఠం, మలగా చెరలో అత్తిపండ్లు తెచ్చిన బానిస, లండనులోని మార్షల్సీ: ఈ నాలుగింటినీ విద్యార్థుల చేత వరుసగా చదివించాలి. అప్పుడు యంత్రానికి కట్టబడిన లిత్‌గో మన కళ్ళకు మరింత సత్యంగా కనబడతాడు. పళ్ళు దాచి తెచ్చిన ఆ తురుష్క బానిస కూడా అతని పక్కనే కనబడతాడు.